ఇసుక సవతి

ఆ రోజుల్లో, అంటే పెళ్ళయిన కొత్తలో, సవతి అంటూ వస్తే చీర కట్టుకునే వస్తుందని నా నమ్మకం. నా సవతి మాత్రం రెండు బస్తాల్లో ఆటో ఎక్కి వచ్చింది. విజయనగరంలో మేమున్న రెండు గదుల అద్దె ఇంట్లో, ముందుగదిలో మంచం తీయించేసి మరీ, మా ఆయన ఉప్పునీటి అక్వేరియం పెట్టాడు. దాని అడుగున పరిచిన తెల్లటి ఇసుకే ఆవిడ. చేపల మీద నాకు కోపం లేదు (చేపల బేరం చేసే ఇంట్లో పుట్టినదాన్ని, వాటిని చూస్తే నాకు పులుసే గుర్తొస్తుంది). నా కడుపుమంటంతా ఆ ఇసుక మీదే.

మంట కాక మరేమిటి? ఇంట్లో ఏనాడూ చీపురు పట్టని మనిషి, ఆదివారం వచ్చిందంటే లుంగీ ఎగ్గట్టి దాని సేవ మొదలుపెట్టేవాడు. గొట్టం నోట పెట్టి పీల్చి, గుక్కెడు ఉప్పునీళ్ళు మింగి, మొహమైనా చిట్లించకుండా ఇసుక మీద పేరుకున్న చెత్తను బకెట్లోకి లాగేవాడు. నా కూరలో ఉప్పు పిసరంత ఎక్కువైతే మాత్రం కంచం తోసేవాడు. ఈ వారం సగం ఇసుక, వచ్చే వారం మిగతా సగం. లోతుగా గుచ్చకూడదట, అడుగు కదిపితే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టి చేపలు చస్తాయట. "సిన్నగా, సిన్నగా" అని తనకు తానే చెప్పుకునేవాడు. అంత మెత్తటి గొంతు నా దగ్గర ఎప్పుడు వాడాడు? పెళ్ళికి ముందు శృంగవరపుకోట నుంచి రెండు బస్సులు మారి మా ఊరి సముద్రపు ఒడ్డుకి వచ్చి గంటలకొద్దీ కూర్చునేవాడు. అప్పుడు చూసింది నన్నా, మా ఊరి ఇసుకనా అని కొత్త అనుమానం పట్టుకుంది.

ఒకసారి మా నాన్న వచ్చి ఈ వైభోగం చూశాడు. "అల్లుడుగోరూ, ఇసక కడగడమంటే మీకంత సరదా అయితే మా ఊరొచ్చీయండి. సేతులు నొప్పెట్టీదాకా ఉన్నాది" అన్నాడు. నేను లోలోపల పొంగిపోయాను. మా ఆయన మాత్రం గొట్టం వదల్లేదు.

ఇంతలో పెళ్ళిరోజు వచ్చింది. రామతీర్థం గుడికి వెళ్దామన్నాడు. పట్టుచీర కట్టి, తలలో కనకాంబరాలు పెట్టుకుని తయారయ్యాను. సరిగ్గా అప్పుడే ఆయనకి ఇసుక మీద ఎర్రటి జిగురు నాచు కనబడింది.

"ఓలమ్మా, ఇదేటిది! ఉండవే, పది నిమిషాలు. ఈ బకెట్టు పట్టుకో" అన్నాడు, నా వైపు చూడకుండానే. పట్టుకున్నాను. పది నిమిషాలు గంటయింది. మేమెక్కాల్సిన బస్సు ఈపాటికి నెల్లిమర్ల దాటిపోయి ఉంటుంది. ఉప్పునీళ్ళు పట్టుచీర అంచు మీద చిందాయి. ఇక నా వల్ల కాలేదు.

"నానుండాలో, నీ ఇసకుండాలో ఇప్పుడే తేల్సీయి!" అని బకెట్టు దభీమని కింద పెట్టాను.

ఆయన తెల్లబోయాడు. "ఇది నాకేటే? నీకోసమే కదా తెచ్చినాను. వచ్చిన కొత్తల సముద్రం కనపడ్నేదని రోజూ ఏడిసీదానివి" అన్నాడు.

అంటే ఇన్నాళ్ళూ నాకొచ్చిన కానుక మీదే నేను ఏడ్చి చచ్చానన్నమాట! అయినా ఓడిపోవడం మా ఇంటా వంటా లేదు. "బాగున్నాది మావా! నాకోసం సముద్రం తెచ్చి, దాన్ని కడుగుతా కడుగుతా నన్నే మర్సిపోనావా?" అన్నాను.

ఆయన గొట్టం పక్కన పెట్టాడు. నన్ను ఎగాదిగా చూసి, "సీర బాగుందే" అన్నాడు (గంట ఆలస్యంగా). తర్వాతి బస్సుకి వెళ్ళాం.

ఇప్పటికీ ఆదివారాల్లో ఆ సేవ సాగుతూనే ఉంది. ఆయన ఎంతసేపు కూర్చున్నా నాకేమీ అనిపించదు, పక్కగదిలో ఫ్యాను కింద హాయిగా కునుకు తీస్తాను. కానీ ఒక్కోసారి పట్టుచీరలో నిలబడి భగభగ మండిపోయిన ఆ కొత్త పెళ్ళికూతురు గుర్తొచ్చి నవ్వుకుంటాను. మొగుణ్ణి ఇసుకతో కూడా పంచుకోనన్న ఆ పిల్లని తలచుకుంటే, ఇప్పుడు ఆ పిల్ల మీదే నాకు కాస్త అసూయగా ఉంటుంది.