రెండు గంటల రిలీవరు

ఎదురింటి అత్తయ్యగారు పోయారన్న కబురు అందినప్పుడు నా చూపుడువేలు మా బుడ్డోడి నోట్లో ఉంది. వాడికి ఏడాదిన్నర. ఆ పొద్దున వాడు ఏం నములుతున్నాడో తేల్చే పనిలో ఉన్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "అత్తయ్యగారు ఇందాక పోయారట. గుండె" అన్నారు. వేలు బయటికి తీసేసరికి సబ్బుముక్క వచ్చింది. ఏడవాలో, వాడి చేత కక్కించాలో తెలియక రెండూ చేశాను. ఆవిడే ఉంటే, "ముందు గుంటడి నోరు కడుగు. ఏడుపు ఎక్కడికీ పోదు" అనేవారు.

ఆవిడకీ మాకూ చుట్టరికం లేదు. స్మృతి నగర్‌లో మా గేటూ వాళ్ళ గేటూ ఎదురెదురు, అంతే. పెళ్ళయిన కొత్తలో విజయనగరం దగ్గరి పల్లె నుంచి భిలాయి వచ్చారు. ఆవిడ భర్త మామయ్యగారు స్టీలు ప్లాంటులో రిటైరై చాలాకాలమైనా ఆవిడ మాత్రం ప్లాంటు టైము వదల్లేదు. ఆరు, రెండు, పది. లోకానికి మధ్యాహ్నం రెండైతే ఆవిడకి సెకండ్ షిఫ్టు.

నా పరిస్థితి కూడా మనవి చేసుకోవాలి. బయోటెక్నాలజీలో పీజీ చేశాను. సూక్ష్మజీవులతో పరిచయం ఉంది కానీ ఇంత పెద్దవాటితో లేదు. మా ఆయన పొద్దున్నే జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ పనికి వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. ఈలోగా నాలుగేళ్ళ పెద్దదీ, ఈ సబ్బు భోక్తా, నేనూ. ముగ్గురిలో స్నానం చేయనిది ఎవరో వాసన పట్టి చెప్పేయవచ్చు.

ఒకరోజు సరిగ్గా రెండింటికి అత్తయ్యగారు నీలం ప్లాస్టిక్ స్టూలు ఒకటి చంకన పెట్టుకుని వచ్చి మా వరండాలో వేసుకుని కూర్చున్నారు.

"చార్జి ఇయ్యి" అన్నారు.

"ఏం చార్జి అత్తయ్యగారూ?"

"గుంటల చార్జి. ఏటి తిన్నారు, ఏటి తిన్లేదు, ఎక్కడ పడ్డారు, ఏటి మింగారు. ఉన్నదున్నట్టు చెప్పీసి ఎల్లి తొంగో. నాలుగింటికి తిరిగి అప్పజెప్తాను."

నేను మర్యాదకి, అంతా బాగానే ఉందండీ అన్నాను. ఆవిడ ముఖం మారింది. మామయ్యగారి కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం నున్నగా, గులాబీరంగులో మెరుస్తూ ఉంటుంది. ఆ కథ నాకు ఆ రోజే చెప్పారు. "ముందు షిఫ్టువోడు వాల్వు లీకవుతందని చెప్పకండా బేగి ఇంటికెల్లిపోయాడు. మీ మావయ్య ఎల్లి చెయ్యెట్టాడు. ఇచ్చినోడు దాచితే తీసుకున్నోడు కాలిపోతాడు పిల్లా. దాచకు."

అప్పటినుంచీ దాచలేదు. ఫోనులో మా అమ్మకి, "పిల్లలు బంగారాలే" అని చెప్పేదాన్ని. ఫ్యామిలీ గ్రూపులో నవ్వుతున్న ఫోటోలు పెట్టేదాన్ని. నిజం మాత్రం రోజుకొకసారి, రెండింటికి, నీలం స్టూలు ముందు. "పెద్దది ఆకుపచ్చ క్రేయాను సగం తింది, రేపటి దాకా ఏ రంగు చూసినా కంగారు పడకండి. చిన్నోడు పప్పన్నం తలకి రాసుకున్నాడు. పెద్దదాన్ని కొట్టాను. తప్పు దానిది కాదు." ఆవిడ తలొంచుకుని విని, చివర్న ఒకే ప్రశ్న అడిగేవారు. "నువ్వో?"

ఆ ప్రశ్నకి జవాబు ఒకసారి చాలా పెద్దదైంది. పోయిన వేసవిలో ఒకనాడు ఇద్దరూ పొద్దుట్నుంచీ ఒకరి తర్వాత ఒకరు, వంతులేసుకుని ఏడుస్తున్నారు. పదకొండింటికి నేను వరండా గ్రిల్లుకి బయటి నుంచి గడియ పెట్టి, గేటు దాటి, సందు చివర కరెంటు స్తంభం దాకా నడిచాను. ఎక్కడికని అడిగితే చెప్పలేను. ఏడుపు అక్కడిదాకా వినిపించడం లేదు, అది చాలనిపించింది. ఇంకొంచెం దూరం నడవాలనీ అనిపించింది.

వెనక నుంచి ఆవిడ గొంతు. "డ్యూటీ ఎక్కి ఎన్నాళ్ళయింది?"

"సోమవారం నుంచి, రాత్రుళ్ళు కూడా" అన్నాను. అది శుక్రవారం.

"డబల్ డ్యూటీ చేసినోడినే ఫర్నేసు కాడికి పంపరు. నిన్నెవులు పంపారు?" అని చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించారు. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనక్కూడా. నన్నూ మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి రెండింటికి కాదు, ఒంటిగంటన్నరకే రావడం మొదలుపెట్టారు. ప్లాంటు టైమును ఆవిడ తప్పడం నేనెరిగినంతలో అదొక్కటే.

ఆవిడకి ఇంకో రూలుండేది. రిలీవరు, అంటే తర్వాతి షిఫ్టువాడు, రాకుండా మిషను ఒగ్గేసి పోకూడదు. పాఠకులు గమనించాలి, ఆ రూలును చివరికి ఆవిడే ఉల్లంఘించారు. పోయే ముందురోజు నాలుగింటికి పిల్లల్ని అప్పజెప్పి, "రేపు వత్తాను" అన్నారు. స్టూలు మా వరండాలోనే ఉండిపోయింది. ఎవరికి ఫిర్యాదు చేయాలో ఇప్పటికీ తెలియడం లేదు.

పన్నెండో రోజు అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. ఆ మర్నాడు అన్నం మాడింది, పెద్దది గోడంతా పేస్టు పూసింది, నేను దాని వీపు మీద కొట్టిన దెబ్బకి నా చెయ్యే మండింది. మళ్ళీ కరెంటు స్తంభం గుర్తొచ్చింది. ఒంటిగంటన్నరకి బుడ్డోడు స్టూలును బరబరా ఈడ్చుకెళ్ళి గ్రిల్లు దగ్గర పెట్టి, రెండు చేతులా ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. పిలిస్తే రాడు, ఎత్తుకుంటే తంతాడు. రిలీవరు రానిదే కదలడు.

ఎదురు వరండాలో మామయ్యగారు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి లేచి, రోడ్డు దాటి వచ్చి మా గేటు బయటే ఆగారు.

"నాకు గుంటల పని రాదమ్మా. చార్జి ఇస్తే, చెప్పింది చెప్పినట్టు చూత్తాను."

చెప్పాను. పన్ను వస్తోంది, జ్వరం లేదు, పెన్ను మూత ఒకటి కనిపించడం లేదు. పెద్దది లోపలినుంచి, "బాబు నే నహీఁ ఖాయా, తాతయ్యా, నా దగ్గరుంది" అని, తమ్ముడు తినలేదని సగం హిందీలో అరిచింది. దాన్ని కొట్టానని చెప్పాను. ఆయన తలొంచుకుని విన్నారు. చివరి ప్రశ్న ఒకటుంటుందని ఆయనకి తెలియదు. నేనే అడిగాను.

"మీరో, మావయ్యగారూ?"

ఆయన "దాచకూడదు గదా" అని జేబులో చెయ్యి పెట్టి తీశారు. అరచేతిలో చిన్న తెల్లమాత్రలు. "పొద్దున్నే నా మాత్రతోపాటు మీ అత్తయ్య బీపీ మాత్ర కూడా తీసేత్తన్నాను. తీసాక డబ్బాలో ఎయ్యబుద్ధి కాదు."

నేను చెయ్యి చాపాను, ఆయన వాటిని నాకు అప్పజెప్పారు. తర్వాత వరండాలోకి వచ్చి, నన్ను లోపలికి పొమ్మన్నట్టు తలాడించి, ఆ పొట్టి స్టూలు మీద కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

నిద్ర పట్టలేదు. కిటికీలోంచి చూస్తున్నాను. బుడ్డోడు ఊచలు వదిలి వచ్చి, ఆయన కుడిచెయ్యి తన దగ్గరికి లాక్కుని, కాలిన చోట వేలితో ఉమ్మి రాసి రుద్దుతున్నాడు, మరకేమో అనుకుని. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎండలో అది మెరుస్తోంది. వాడు మళ్ళీ ఉమ్మి రాశాడు.