రంపానికి బొట్టు పెట్టిన రోజు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా పరువు పోయిన కథ. చదివి మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. కానీ తలచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రంపం మీద మంట, మా అక్క మీద మంట, అగ్రహారం సూరిబాబు మీద మంట. వీళ్ళందరికంటే ఎక్కువగా, ఆ రోజు దరియాలతిప్ప గట్టు మీద చొక్కా చేతులు మడిచి వీరుడిలా నిలబడ్డ సత్తిబాబు అనే ఘనుడి మీద మంట. ఆ సత్తిబాబు ఎవరో కాదు, నేనే. వాడిప్పుడు చేతికి దొరికితే చెవి మెలిపెట్టి యానాం వీధులన్నీ తిప్పుతాను.

యానాంలో నాది మోటార్ల రిపేరు షాపు. బోటింజన్లు, రొయ్యల చెరువుల ఏరేటర్లు, నీళ్ళ పంపులు, ఏది ఆగిపోయినా నా దగ్గరికే తెస్తారు. పొరుగూళ్ళ వాళ్ళు చవక పెట్రోలు కోసం మా ఊరొచ్చి, బంకులో ట్యాంకు నింపుకుని, పనిలో పనిగా బండి నాకు చూపించి పోతుంటారు. అలా పేరు కాస్త పెరిగింది. పేరుతో పాటు పొగరూ పెరిగింది. అసలు తంటా అక్కడే మొదలైంది.

ఒకసారి కాకినాడలో పాత సామాన్ల కొట్టుకి వెళ్తే, ఓ మూల చెట్లు కోసే రంపం మిషను కనబడింది. ఒంటినిండా రంపపు పొట్టు, నూనె జిడ్డు. స్టార్టింగు తాడు తెగి ఉంది. ఎవరో వాడి వాడి విసుగొచ్చి పారేసినట్టుంది. దాన్ని చూడగానే నాకు జాలేసింది. జాలి పడి ఊరుకున్నవాడు సుఖపడతాడు. నేను ఇంటికి తెచ్చుకున్నాను.

విప్పి, కడిగి, కొత్త రింగులు వేసి, తాడు మార్చి మామూలుగా బిగించేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఫోనులో వీడియోలు పెట్టే మహానుభావులు ఊరుకోనిస్తారా? దేశం కాని దేశంలో ఎవడో గడ్డపాయన పాత రంపాన్ని తీసుకుని, అక్కడ కాస్త రాకి, ఇక్కడ కాస్త తీసి, దుంగని అరటి బోదెలా కోసి అవతల పడేస్తున్నాడు. వాడు చేసింది నేను చెయ్యలేనా అని నాకు పంతం వచ్చింది.

పొగ బయటికి పోయే దారిని గుండ్రటి ఆకురాయితో రాకి వెడల్పు చేశాను. సిలిండరు కింద ఉండే ప్యాకింగు తీసేసి, ఇంకా పల్చటిది వేశాను. దానివల్ల లోపల ఒత్తిడి పెరిగి, స్టార్టింగు తాడు నేను లాగితే అది నన్ను తిరిగి లాగడం మొదలుపెట్టింది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువ వెళ్ళేలా కార్బొరేటరు స్క్రూ తిప్పాను. అలా తిప్పితే ఇంజను హుషారుగా తిరుగుతుంది కానీ తొందరగా వేడెక్కిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తిప్పాను. ఇక ఆఖరున సైలెన్సరు విప్పి, లోపలున్న రేకులన్నీ పీకి పారేసి, ఖాళీ డబ్బాని మళ్ళీ బిగించాను. ఊపిరి తీసుకునే మిషనుకి నోట్లో గుడ్డలెందుకని నా వాదన.

స్టార్ట్ చేశాను. పక్క కొట్టు టైలరు కత్తెర కింద పడేసుకుని బయటికి పరుగెత్తుకొచ్చాడు. "ఏం పేలిందండీ?" అని అతను అడగడం పెదాల కదలికని బట్టి గ్రహించానే తప్ప, చెవికి ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు. షాపు ముందున్న కొబ్బరి దుంగ మీద పెడితే చూస్తుండగానే రెండు ముక్కలైంది. ఆ క్షణంలో నా కాళ్ళు నేల మీద లేవు.

సరిగ్గా అప్పుడే దరియాలతిప్పలో మా బావ వీర్రాజుకి కష్టం వచ్చింది. సముద్రంలో చేపల వేట నిషేధం రోజుల్లో బోటుని గట్టెక్కించి, రంగులేసి, వలలు బాగుచేయించి, అంతా సిద్ధం చేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నిషేధం ఎత్తేస్తారనగా ఈదురుగాలి కొట్టి, గట్టు మీది పాత నిద్రగన్నేరు చెట్టు సగం వేళ్ళు లేచిపోయి బోటు మీదకి వాలి, తాకీ తాకకుండా ఆగింది. ఇంకో గాలి కొడితే బోటు రెండు ముక్కలు. కొట్టకపోయినా, చెట్టు అడ్డం తీస్తే తప్ప బోటు నీళ్ళలోకి దిగదు. ఊళ్ళో బోట్లన్నీ మొదటి రోజు వేటకి పోతుంటే మా బావ గట్టు మీద కూర్చుని చూడాలి. ఆ బోటు తప్ప ఆయనకి వేరే ఆధారం లేదు.

నేను రంపం పట్టుకుని వెళ్ళేసరికి అక్కడ అగ్రహారం సూరిబాబు తయారుగా ఉన్నాడు. చెట్లు కొట్టడం అతని పని. చేతిలో చిన్న రంపం మిషను, నోట్లో కిళ్ళీ. నన్నూ నా మిషన్నీ ఎగాదిగా చూశాడు.

"ఏంటి మెకానిక్కూ, బోటింజనికి పళ్ళు పెట్టించేవా?" అన్నాడు.

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "నీ బొమ్మ రంపంతో మా చిన్నదాని పుట్టినరోజుకి కేకు కొయ్యొచ్చు. ఇది చెట్టు. నువ్వెళ్ళు" అన్నాను.

"ఒరే బామ్మర్దీ, ఆడు రోజూ ఇదే పని చేసేవోడు. ఆణ్ణి కొయ్యనీరా" అన్నాడు బావ మెల్లిగా.

"అంటే నేను పనికిరాననా బావా? నీ బోటింజను ఎవరు బాగుచేశారు? సూరిబాబా, నేనా?" అని ఒంటికాలి మీద లేచాను.

పాపం మా బావ మెతక మనిషి. తల దించుకున్నాడు. సూరిబాబు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. "నాకేం తొందర్లేదండి, సూసి నేర్చుకుంటాను" అంటూ కిళ్ళీ నములుతూ రేవు మెట్టు మీద కూర్చున్నాడు.

చెట్టు అవతలి వైపు ఖాళీ జాగాలో పడేలా మానుకి మోకు కట్టి, బోటు లాగే జనాన్నే దాని చివర నిలబెట్టాం. రంపం తాడు లాగబోతుండగా మా అక్క మంగాయమ్మ పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయతో ప్రత్యక్షమైంది.

"కొత్త మిషనికి బొట్టెట్టకుండా పనిలోకి దింపుతావేంట్రా? అదీ నా మొగుడి బోటు పక్కన?"

"కొత్తది కాదక్కా, పాతదే."

"నీకు కొత్తదేగా! ఆ పొడుగు రేకు ఇప్పియ్. నూనె జిడ్డు మీద పసుపు నిలుత్తాదా?"

రేకంటే బారు, దాని చుట్టూ చైను తిరుగుతుంది. అక్కతో వాదించి గెలిచినవాడు మా వంశంలో లేడు. పళ్ళు కొరుక్కుంటూ నట్లు విప్పి, బారునీ దాని చుట్టూ ఉన్న చైన్నీ కలిపే తీసి, అరిటాకు మీద పెట్టాను. అక్క తీరిగ్గా తుడిచి, పసుపు రాసి, బారు పొడుగునా బొట్లు పెట్టింది. నేను ఎలా తీశానో అలాగే బిగించాను.

"ఆగాగు! బొట్లు నీ కేసి తిరిగిపోయాయి. జనం ఇటున్నారు. లక్ష్మీదేవి మొహం అటు తిప్పేత్తావేంట్రా?"

"ఎటుంటే ఏంటక్కా!"

"నా మాటంటే నీకెప్పుడూ లెక్కలేదు. అమ్మ ఉంటే..."

అమ్మ పేరు ఎత్తేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. నట్లు మళ్ళీ విప్పాను. బారునీ చైన్నీ కలిపి, దోసె తిరగేసినట్టు ఒక్కసారి తిప్పాను. బిగించాను. "చాలా? సంతోషమా?" అని అరిచాను. ఇప్పుడు బొట్లన్నీ చక్కగా జనం వైపు చూస్తున్నాయి. అక్క చేతులు జోడించి దణ్ణం పెట్టుకుంది.

ఇక్కడ మీరు ఓ క్షణం ఆగండి. రంపం చైనుకి పళ్ళు ఒక వైపుకే ఉంటాయి. దోసెకి ఏ వైపైనా ఒకటే. చైనుకి కాదు. బారుతో పాటు చైన్ని తిరగేస్తే పళ్ళన్నీ వెనక్కి తిరిగిపోతాయి. అప్పుడది కొయ్యదు, ఉత్తినే రుద్దుతుంది. ఇది మోటారు మెకానిక్కుకి తెలియాలా వద్దా? తెలుసు! కోపంలో ఉన్నవాడికి తెలిసినవేవీ గుర్తుండవు.

రంపం స్టార్ట్ చేశాను. రేవులో కొంగలన్నీ లేచిపోయాయి. చైన్ని మానుకి ఆనించాను. పొట్టు రావలసిన చోట పొగ వచ్చింది. ఆహా, ఏం పవరు, చెక్క కాలిపోతోంది అనుకున్నాను! ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా పొగ. మాను మీద నల్లటి గీత పడిందే తప్ప గోరంత కూడా తెగలేదు.

ఓరగా చూస్తే జనమంతా చేతులు ఊపుతూ అరుస్తున్నారు. సైలెన్సరు లేని మోతలో నాకు నోళ్ళు కదలడం తప్ప ఏమీ వినిపించడం లేదు. బోటు లాగేటప్పుడు అరుపులతో హుషారు చేస్తారు కదా, అలా నన్నూ హుషారు చేస్తున్నారనుకున్నాను. ఆ ఉత్సాహంలో పిడికిలి పైకెత్తి ఊపాను కూడా. ఇప్పుడు రాస్తుంటే ఆ పిడికిలితో నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలని ఉంది.

మాను మాత్రం తెగడం లేదు. సూరిబాబు మెట్టు మీద నుంచి లేచి, రెండు చేతులూ గిరగిరా తిప్పుతున్నాడు. వెక్కిరిస్తున్నాడు వెధవ అనుకున్నాను. అక్క నెత్తి బాదుకుంటోంది. బావ దగ్గరికి వచ్చి భుజం పట్టుకుంటే విదిలించి కొట్టాను. "మీకు నా మీద నమ్మకం లేదు! ఎవరికీ లేదు!" అని గొంతు చించుకున్నాను. నా మాటా ఎవరికీ వినిపించలేదు. కసితో పూర్తిగా యాక్సిలరేటరు నొక్కి, ఒంటి బరువంతా వేసి రంపాన్ని మానులోకి తోశాను.

గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, పైగా మీద నా బరువు. అంత హింస ఏ ఇంజను భరిస్తుంది? కీచుమని ఒక్క కేక పెట్టి, పిస్టను పట్టేసి, టక్కున ఆగిపోయింది.

గట్టంతా నిశ్శబ్దం. కాదు, నిశ్శబ్దం నా ఇంజనుకే. జనం అంతసేపటి నుంచీ అరుస్తున్న మాట ఇంకా ఆగలేదు. మోత లేకపోయేసరికి అది గోదావరి అవతలి ఒడ్డుకి కూడా వినిపించేంత స్పష్టంగా నా చెవిలో పడింది.

"చైను తిరగేసేవురా సత్తిబాబూ!"

ఆడా మగా, చిన్నా పెద్దా, మోకు పట్టుకున్నవాళ్ళూ ఒక్క గొంతుతో అరిచారు. బారు కేసి చూశాను. బొట్లు చెక్కుచెదరలేదు. పళ్ళు మాత్రం వెనక్కి చూస్తున్నాయి. గబగబా నట్లు విప్పి చైన్ని సరిగ్గా వేసి, తాడు లాగాను. తాడు రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాను. తాడు తెగి చేతికొచ్చింది, నేను వెల్లకిలా పడ్డాను.

నా కోపమంతా అక్క మీదకి మళ్ళింది. "అంతా నీ బొట్ల వల్లే!"

"బొట్లు ఇటు తిప్పమన్నానుగానీ బుర్ర అటు తిప్పమన్నానేంట్రా?" అంది అక్క.

జనం పగలబడి నవ్వారు. బావ మాత్రం నవ్వలేదు. ఆయన బోటు కేసి చూస్తున్నాడు. నది వైపు నుంచి గాలి లేస్తోంది, చెట్టు కిర్రుమంటోంది. తెల్లారితే బోట్లన్నీ కదులుతాయి. ఆయన మొహం చూసేసరికి నా కోపం గాలి తీసిన ట్యూబులా చప్పున దిగిపోయింది. అసలు సిగ్గు అప్పుడు వచ్చింది. నా పంతానికి ఆయన బతుకుని పణం పెట్టాను.

లేచి సూరిబాబు దగ్గరికి వెళ్ళాను. "కొయ్యి సూరిబాబూ. నీకు దణ్ణం పెడతాను" అన్నాను.

వాడు కిళ్ళీ ఉమ్మేసి, అందరికీ వినిపించేలా, "కొత్తానండి. కానీ నువ్వు మోకు పట్టుకుని నోరు మూసుకోవాల" అన్నాడు. ఆ తర్వాత తన చిన్న రంపం చూపించి, "దీనికి సైలెన్సరుందండి. ఏదన్నా తేడా వత్తే జనం సెప్పేది నాకినపడద్ది" అన్నాడు.

నేను మోకు పట్టుకున్నాను, నోరు మూసుకున్నాను. రెండోది నాకు మొదటిదానికంటే కష్టం. సూరిబాబు రంపం జోరీగలా రొద చేసుకుంటూ మానులోకి దిగింది. పొట్టు జల్లున రాలింది. "లాగండీ" అని వాడు అరిస్తే అందరికీ వినపడింది, అందరం లాగాం. చెట్టు బోటుని ఆకుతో కూడా తాకకుండా ఖాళీ జాగాలో ఒరిగింది. బావ వెళ్ళి బోటు చెక్కని అరచేత్తో తడుముకుని, అక్కడే చతికిలబడ్డాడు.

మర్నాడు అందరి బోట్లతో పాటు ఆయన బోటూ నీళ్ళలో దిగింది. తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక్క సలహా ఇవ్వలేదు.

ఆ రంపం ఇప్పుడు నా షాపులో మేకుకి వేలాడుతోంది. ప్రతి దసరాకీ మా అక్క పళ్ళెం పట్టుకుని వస్తుంది. రంపానికి ఇటో వరస, అటో వరస బొట్లు పెడుతుంది. పానాలకీ రెండు వైపులే, నా స్కూటరుకీ రెండు వైపులే. ఆఖరున నన్ను కూర్చోబెట్టి నుదుట ఒకటి పెట్టి, మెడ వంచి వెనక కూడా ఇంకోటి పెడుతుంది. "నువ్వెటు తిరిగినా ఫర్వాలేదింక" అంటుంది. టైలరు నవ్వుతాడు. నేను పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాను.

కాబట్టి పాఠక మహాశయులారా, గోదావరి సాక్షిగా, ముందూ వెనకా బొట్లతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను ఏ మిషను సైలెన్సరూ విప్పను. చైన్ని దోసెలా తిప్పను. నలుగురు ఒకేసారి నాకేసి చేతులు ఊపుతుంటే పిడికిలి ఎత్తను. ముందు ఇంజను ఆపుతాను, ఆ తర్వాత నోరు ఆపుతాను, అప్పుడు వాళ్ళు ఏమంటున్నారో వింటాను. సూరిబాబు ఒక్కడు అంటుంటే మాత్రం వినను. వాడి మీద నాకింకా కోపం పోలేదు.