ఈకల పొడి

మా పక్షుల సంరక్షణ కేంద్రంలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ ఆమె గోరుముద్దలక్క. కళ్లు తెరవని చిలుక పిల్లలకు చెంచాతో జావ పట్టి, రెక్కలొచ్చేదాకా సాకడం ఆమె పని. చెంచా అంచులను కాచి, తల్లి ముక్కులా ఉండేట్టు లోపలికి వంచుకుంది. జావ కాస్త చల్లారితే పిల్లకు అరగదు, కాస్త వేడెక్కువైతే మెడలోని సంచి కాలిపోతుంది. పంతొమ్మిదేళ్ల నౌకరీలో ఆమె చేతి జావకు ఒక్క పిల్ల మెడా కాలలేదు.

నా పని గూళ్లు కడగడం. నేను ఆమె నోటికి జడిసి సగం, నీళ్లకు తడిసి సగం నీరుగారిపోయేవాణ్ని. గుమ్మం దగ్గర మందునీళ్ల తొట్టిలో బూట్లు ముంచకుండా అడుగు లోపల పెడితే చాలు, "ఏం తమ్ముడూ, ఊళ్లో జబ్బులన్నీ నీ బూట్లెక్కి షికారుకొచ్చాయా?" అని మొదలుపెట్టేది. డైరెక్టరుగారంతటి వారు కూడా ఆమె కనబడితే రెండోసారి కాళ్లు ముంచేవారు.

అంత నిక్కచ్చి మనిషి మా కళ్ల ముందు ఒకే ఒక్క నియమం తప్పింది. అది టోపీ.

ఆ ఏడాది ఒక కారు డిక్కీలో పద్నాలుగు చిలుక పిల్లలు దొరికాయి. అడవిలో తొర్రల్లోంచి లాక్కొచ్చినవి. లోపల పనిచేసేవాళ్లు జుట్టు కప్పుతూ గుడ్డటోపీ పెట్టుకోవాలి. ఈ పిల్లలు మాత్రం టోపీ తల కనబడితే చాలు, నోరు బిగించి మూలకు నక్కేవి. వాటిని లాగినవాడు టోపీ పెట్టుకుని ఉంటాడని మా ఊహ. రెండు రోజులు చుక్క జావ దిగలేదు. మూడో రోజు అక్క విసుక్కుని టోపీ పీకి జేబులో కుక్కుకుంది. పద్నాలుగు నోళ్లూ తెరుచుకున్నాయి. పిల్లలు ఆకలితో చస్తుంటే నియమమేంటని మేమంతా మెచ్చుకున్నాం కూడా.

ఆరో వారంలో కొత్త ఈకలు వంకర తిరిగి రావడం మొదలైంది. కాడలో నెత్తురు గడ్డకట్టి, ముట్టుకుంటే ఊడి చేతికొచ్చేవి. పది రోజుల్లో మూడు పిల్లలు చచ్చిపోయాయి. వాటిని పెరట్లో కాల్చింది నేనే.

"ముక్కునీ ఈకల్నీ పట్టే వైరస్ ఇది" అంది మా డాక్టరమ్మ. "మనుషులకు రాదు, చిలుకల్ని వదలదు. మందు లేదు. ఈకల నుంచి రాలే పొడిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది."

మిగిలిన పదకొండింటి నెత్తురూ పరీక్షకు పంపితే ఎనిమిదింటిలో వైరస్ కనబడింది. పైకి చూస్తే అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. డాక్టరమ్మ మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగింది. "మీ ఇంట్లో చిలుక ఉందా?" ఉద్యోగంలో చేరేటప్పుడే ఇంట్లో పక్షుల్ని పెంచబోమని మేమంతా సంతకాలు చేసినవాళ్లం. అందరం లేదన్నాం. అక్క కూడా, చెంచా తుడుస్తూ, తలెత్తకుండా "లేదు" అంది.

దాంతో డాక్టరమ్మ లెక్క తేల్చేసింది. బయటి నుంచి వచ్చే దారి లేదు కాబట్టి జబ్బు తల్లి చిలుకల నుంచే వచ్చి ఉండాలి. అంటే ఆ అడవిలో అది ముందే ఉంది. ఉన్నచోటికే పంపితే కొత్తగా జరిగే నష్టమేమీ లేదు. గురువారం పొద్దున ఎనిమిదింటికి పదకొండింటినీ వ్యానులో అడవి అంచుకు తీసుకెళ్లి, అక్కడి పెద్ద బోనులో నెల రోజులుంచి వదిలేద్దామన్నారు. డైరెక్టరుగారు ఊపిరి పీల్చుకున్నారు.

బుధవారం అక్క తినిపించిన పిల్లకే మళ్లీ తినిపించింది. అలాంటి పొరపాటు ఆమె ఎన్నడూ చేయలేదు. మధ్యాహ్నం నేను గూళ్లు కడిగే చోటికి వచ్చి నిలబడింది.

"తమ్ముడూ, మా ఇంట్లో దొర ఉన్నాడురా."

"బావగారు తిరిగొచ్చేశారా?" అన్నాను. ఆయన ఆమెను వదిలిపోయి పదేళ్లయింది.

"ఆయనెందుకొస్తాడు! దొరంటే చిలుక. ఇరవై రెండేళ్లుగా నాతోనే ఉన్నాడు. మూడేళ్లుగా రొమ్ము మీద ఈకలు రాలిపోతుంటే ముసలితనం అనుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "పొద్దున నేను తల దువ్వుకుంటుంటే వచ్చి నెత్తి మీద కూర్చుంటాడు."

ఆమె జుట్టు వైపు చూశాను. చేతులు మోచేతుల దాకా కడిగేది, బట్టలు మార్చేది, బూట్లు ముంచేది. ఆ జుట్టే టోపీ లేకుండా పూటపూటా పద్నాలుగు నోళ్ల మీద వంగింది.

"చెప్పకక్కా" అన్నాను. "నౌకరీ పోతుంది. దొరను కూడా పట్టుకుపోతారు. ఎలాగూ అడవిలో ఉందంటున్నారుగా."

"ఉందని ఎవరు చూశారు? నా అబద్ధం కలిపి కట్టిన లెక్కరా అది. అక్కడి చిలుకలు చల్లగా ఉన్నాయేమో. వీటిని పంపితే తొర్రతొర్రకీ నేనే వెళ్లి అంటించినట్టు." అంది గానీ, డాక్టరమ్మ గదివైపు పోకుండా ఇంటికి వెళ్లిపోయింది.

గురువారం ఏడున్నరకు వచ్చింది. చిల్లుల పెట్టెల్లో పిల్లల్ని ఒక్కొక్కటిగా తనే సర్దింది. నేను పెట్టెలు వ్యాను ఎక్కించాను. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. డ్రైవరు తలుపు వేశాడు. బండి స్టార్టయింది. చెబుతుందా, చెప్పదా? చెప్పకపోతే నేను చెప్పగలనా?

వ్యాను రెండు గజాలు కదిలాక ఆమె దాని ముందుకు వెళ్లి నిలబడింది.

"ఆపు బాబూ. దించెయ్యండి వాటిని."

కొంగున ముడివేసిన ప్లాస్టిక్ సంచీ తీసి డాక్టరమ్మకు అందించింది. అందులో ఒక ఆకుపచ్చ ఈక ఉంది. "ఇది మా ఇంటి చిలుకది. ఇంట్లో లేదని అబద్ధం చెప్పాను. దీన్ని పరీక్ష చేయించండమ్మా."

డైరెక్టరుగారి మొహం నల్లబడింది. "కంచే చేను మేసిందన్నమాట! మూడు పిల్లలు చచ్చినప్పుడు ఏమైందమ్మా ఈ నోరు?"

"దొరను చంపేస్తారని భయమేసింది సార్" అంది, అంతే.

దొర ఈకలో ఉన్నదీ పిల్లల్లో ఉన్నదీ ఒకటే వైరస్ అని తేలింది. డాక్టరమ్మ ఆ అడవికి వెళ్లి, తొర్రల కింద రాలిన ఈకలు ఏరుకొచ్చి పరీక్ష చేయించింది. ఒక్కదాంట్లోనూ జబ్బు లేదు. ఆ పదకొండు పిల్లలూ ఇక అడవి మొహం చూడవు. బతికినన్నాళ్లూ తలుపులు మూసిన గదిలోనే ఉంటాయి. అక్క నౌకరీ పోయింది. మరే పక్షి దగ్గరికీ పోకూడదన్న షరతు మీద దొరను ఆమెకే వదిలేశారు. నాకు ఆమె మీద కోపం పోలేదు. కానీ చెప్పకక్కా అన్న నోరు నాదే. ఆ కోపాన్ని ఎటు తిప్పుకోవాలో నాకు తెలియడం లేదు.

కొత్తగా వచ్చినామె చేతి జావ పిల్లలు నాలుగు రోజులు సరిగా తినలేదు. అయిదో రోజు కాస్త దారికొచ్చాయి. ఆ పొద్దునే అక్క వచ్చి గేటుకు అవతల, రోడ్డుకు ఆ పక్కనే ఆగిపోయి కేకేసింది.

"తమ్ముడూ, తింటున్నాయా? ఆ చిన్నదానికి ఎడమ పక్క నుంచి..."

మూసిన కిటికీల వెనక పదకొండూ ఒక్కసారిగా ఆకలి అరుపు అందుకున్నాయి. లోపల కొత్తామె చేతిలో చెంచా ఉంది, ఏదీ దాన్ని ముట్టడం లేదు. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే లోపలికి పొమ్మని నాకు సైగ చేసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇప్పటికీ ఆదివారం ఆదివారం వస్తుంది. అడగాల్సింది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చి, రోడ్డు అవతల నిలబడి ఎత్తి చూపిస్తుంది. నేను తలూపి జవాబు చెబుతాను.