మిషను ఆగిన పాట

ఆ వీధిలో మిషనక్క అంటే ఆవిడ ఒక్కతే. కుట్టుమిషన్లు ఇంకా ఉన్నాయి, అక్కలూ ఉన్నారు, కానీ ఆ పేరు మరొకరికి అతకలేదు. కొలత తీసుకునేటప్పుడు ఎవరైనా ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటే, "వదలండి, నేను కుట్టేది మీ పొట్టకి, మీ పరువుకి కాదు" అంటుంది. మొహమాటం ఆవిడ ఇంటా వంటా లేదు. అందరూ కరెంటు మోటార్లు పెట్టించుకున్నా ఆవిడది ఇప్పటికీ కాలితో తొక్కే మిషనే. మోటారు తన మాట వినదని ఆవిడ ఫిర్యాదు.

అంతటి మనిషీ ఒక్క విషయంలో మాత్రం నోరు మెదపదు. అది చెల్లెలి విషయం.

అమ్మ పోయేనాటికి చెల్లెలు గ్లాసు ఒలకకుండా నీళ్లు తాగడం కూడా రాని పిల్ల. అక్కే జడ వేసింది, అక్కే బడికి పంపింది, పెద్దయ్యాక అక్కే రెండో మిషను కొని పక్కన కూర్చోబెట్టింది. చెల్లెలికి కుట్టు అబ్బలేదు, పాట అబ్బింది. అక్క మిషను టకటకలాడుతుంటే దానికి తగ్గట్టు కూనిరాగం తీస్తూ, కుడిచెయ్యి తెచ్చి చొక్కా ఎడమవైపు అతికించేది. అవన్నీ విప్పి మళ్లీ కుట్టలేక అక్కకు చుక్కలు కనిపించేవి.

అక్క కుట్టుకొట్టు మీద మేడగదిలో గిటార్లు వాయించుకునే కుర్రాళ్లు ఆ కూనిరాగం విని మెట్లు దిగొచ్చారు. వాళ్లదొక బ్యాండు. ఏ కంపెనీ దయా లేకుండా సొంత పాటలు సొంతంగా చేసుకునే రకం. నాయకుడి జుట్టు భుజాల మీద పడుతుండేది కాబట్టి వీధి అతనికి జులపాలు అని పేరు పెట్టేసింది. చెల్లెలు ఆ బ్యాండులో చేరింది. మొదటి ఆల్బం రికార్డింగుకి ముందురోజు, ఇక కొట్టుకి రానని తేల్చి చెప్పింది.

"పాటలు కూడు పెడతాయా?" అంది అక్క.

"నీ మిషను పెడుతోందిగా. నువ్వు తిను."

మాటకి మాట పెరిగింది. చివరికి అక్క, "నువ్వు పాడితే ఎవడు వింటాడే?" అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? చెల్లెలు లేచి వెళ్లిపోయింది.

మర్నాడు జులపాలు పరిగెత్తుకొచ్చాడు. ఒక పాటకి డ్రమ్ములు ఎలా వాయించినా అతకడం లేదట. ఆ పాట పుట్టిందే మిషను చప్పుడు మీద, అదే కావాలని చెల్లెలు భీష్మించుకుని కూర్చుందట.

"సాయంత్రానికి తెచ్చిచ్చేస్తాం అక్కా," అన్నాడు.

"నా మిషను మీద ఇంకొకళ్లు కాలు పెట్టడానికి వీల్లేదు," అని అక్క తానే బయల్దేరింది. నలుగురు మగవాళ్లు ఆ ఇనుప మిషనుని స్టూడియో మెట్ల మీదికి మోస్తుంటే, "మెల్లగా, అది వయసులో మీకన్నా పెద్దది" అని వెనక నుంచి తిడుతూనే ఎక్కింది. వెంట సంచిలో అంచులు మడవాల్సిన బడిపిల్లల నిక్కర్లు కూడా తెచ్చుకుంది. గుడ్డ లేకుండా తొక్కితే మిషను పళ్లు అరుగుతాయి. పాట కోసమైనా సరే, ఉత్తి మిషను తొక్కేది లేదంది.

పాట మొదలైంది. అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సగంలో ఉన్నట్టుండి మిషను ఆగిపోయింది. సూది కింద తిరిగే చిన్న దారపుచుట్ట, ఆ బాబిన్‌లో దారం అయిపోయింది. గిటారు వాయించే జులపాలు బిత్తరపోయి తీగల మీంచి చెయ్యి తీసేశాడు. చెల్లెలు మాత్రం ఆపలేదు. ఏ వాద్యం తోడూ లేకుండా ఒట్టి గొంతుతో చరణమంతా పాడింది. చరణం అయ్యాక మిషను మళ్లీ అందుకుంది. స్టూడియో అద్దెకి తీసుకున్న సమయం అయిపోవడంతో మళ్లీ పాడే వీలులేక దాన్నే ఉంచేశారు.

బయటికి రాగానే చెల్లెలు అడిగింది. "కావాలనే ఆపావు కదూ?"

"బాబిన్ అయిపోయింది."

"బాబిన్ చూసుకోకుండా నువ్వు మిషను ఎక్కుతావా? ఎవరికి చెప్తావు అక్కా."

నిజానికి ముందురోజు గొడవతో అక్కకి బాబిన్ కాదు కదా, తన చేతులే కనపడలేదు. ఆ మాట చెప్పుకోవడానికి పౌరుషం అడ్డొచ్చింది.

ఆల్బం క్యాసెట్లుగా వచ్చింది. అయినవాళ్లు కొన్నారు, అంతటితో సరి. బ్యాండులో ఎవరి దారి వాళ్లదయింది. చెల్లెలు పెళ్లి చేసుకుని ఊరికి ఆ చివర ఉంటూ, బడిలో పిల్లలకి పాటలు నేర్పుతోంది. మంచికీ చెడుకీ ఎదురుపడితే అక్క "తిన్నావా" అంటుంది, చెల్లెలు "తిన్నాను" అంటుంది. అంతకు మించి ఒక్క మాట ముందుకు సాగదు.

చాలా ఏళ్లకి ఎవరో పిల్లలు ఆ క్యాసెట్‌ని వెతికి పట్టుకుని ఫోన్లలో పంచుకున్నారు. మిషను ఆగే చోటు గురించి వ్యాఖ్యానాలు కూడా రాశారు. శ్రమకి దొరికిన విశ్రాంతి అని ఒకరు, కాలమే ఆగిన క్షణం అని ఇంకొకరు. బాబిన్ అయిపోయి ఉంటుందని ఒక్క మహానుభావుడికీ తట్టలేదు. చివరికి ఒక కంపెనీ ఆ ఆల్బంని పెద్ద నల్ల రికార్డుగా మళ్లీ విడుదల చేస్తామంది.

దాంతో జులపాలు మళ్లీ కొట్టుకొచ్చాడు. జుట్టు రాలిపోయింది గాని పేరు మాత్రం రాలలేదు.

"అక్కా, ఆ ఖాళీలో మిషను చప్పుడు నింపాలి. ఇదే మిషను, ఇదే కాలు. ఇక్కడే రికార్డు చేసుకుంటాను."

"ఎందుకు నింపడం? బాగుందనేగా అందరూ అంటున్నారు?"

అతను నేల చూపులు చూశాడు. "నింపకపోతే మీ చెల్లెలు కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టనంటోంది. ఆ చోటు వచ్చినప్పుడల్లా నువ్వన్న మాటే వినపడుతుందట."

ఏ మాట అని అక్క అడగలేదు. "తననీ రమ్మను," అంది.

కొట్లో ఎవరూ లేనప్పుడు ఆవిడ ఆ క్యాసెట్ పెట్టుకుంటుందని ఈ లోకంలో ఎవరికీ తెలియదు. పెట్టుకునేది ఆ ఒక్క చరణం కోసమే. ఆల్బం మొత్తంలో చెల్లెలి గొంతు ఒక్కటే, ఏ చప్పుడూ కలవకుండా వినిపించేది అక్కడే. ఇప్పుడు దాన్ని తన కాలితో తానే తొక్కెయ్యాలి. తొక్కితే ఆ గొంతు పోతుంది, తొక్కకపోతే చెల్లెలు ఇక గడప తొక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

అనుకున్న రోజున చెల్లెలు వచ్చి, చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"తిన్నావా?"

"తిన్నాను."

జులపాలు మిషను పక్కన మైకు పెట్టాడు. అక్క బాబిన్ వేసి, సూది కింద గుడ్డ పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. పాట మొదలైంది. అది అక్క చెవుల్లోనూ జులపాలు చెవుల్లోనూ ఉంది, గదిలోకి వినపడేది మిషను చప్పుడొక్కటే. కాళ్లు చక్కగా అందుకున్నాయి. అంతా సాఫీగా సాగుతోంది. సరిగ్గా ఆ చరణం దగ్గర మిషను ఆగిపోయింది.

తొక్కమన్నట్టు జులపాలు చెయ్యి ఊపాడు. అక్క చూడలేదు. కళ్లు మూసుకుని ఉంది.

"మళ్లీ..." అంటూ చెల్లెలు విసురుగా లోపలికొచ్చింది. ఆ మిషను దగ్గర పెరిగిన పిల్ల, ఎక్కడ ఏముందో ఒకరు చెప్పక్కర్లేదు. కింద రేకు జరిపి బాబిన్ బయటికి లాగి చూసింది. నిండా దారం ఉంది.

"నిండుగానే ఉంది కదక్కా. ఎందుకు ఆపావు?"

అక్క హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ రోజు దారం అయిపోయిన మాట నిజమే. కానీ బాబిన్ మార్చడానికి నాకెంతసేపు పడుతుంది? మార్చేశాను, కాళ్లు కూడా పెట్టాను. అప్పుడు నువ్వు పాడుతున్నావు. చిన్నప్పట్నుంచీ మిషను చప్పుడులోనే విన్నాను కదా నీ పాట. ఒట్టిగా వినడం అదే మొదలు. తొక్కితే వినపడదని తొక్కలేదు."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా అక్కా."

"ఎవడు వింటాడే అన్నది నేను. నేనే విన్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

బాబిన్ చెల్లెలి గుప్పిట్లోనే ఉంది. దాన్ని అలాగే పట్టుకుని, గుడ్డ కప్పి ఉన్న రెండో మిషను ముందు నుంచి స్టూలు లాక్కుని అక్క పక్కన కూర్చుంది.

"జులపాలూ, ఏమీ నింపొద్దు. సంతకం పెడతాను," అంది. హెడ్‌ఫోన్లు తీసి అక్క చెవులకి తనే సర్దింది. "ముందు ఆ చరణం మళ్లీ పెట్టు. అక్క వింటుంది."