పొయ్యిరాయి మీద నంబరు

ఐలేశానికి పొయ్యి కనబడితే చాలు, దానికి నంబరు వేసేదాకా చెయ్యి ఊరుకునేది కాదు. కొత్తకోట నుంచి బస్సులో గంట దూరం ఉన్న చిన్న పట్నం మాది. అక్కడి మునిసిపాలిటీలో ఇంటి నంబర్లు వేసే పని అతనిది. ఒక చేతిలో ఎర్రటి జాజుమట్టి కలిపిన డబ్బా, ఇంకో చేతిలో కుంచె, చెవి మీద సగం కాల్చిన బీడీ. ఇల్లంటే నాలుగు గోడలూ తలుపూ అని గుమాస్తానైన నేననుకునేవాణ్ణి. ఐలేశం దృష్టిలో ఇల్లంటే పొయ్యి, అంతే.

నేను ఉద్యోగంలో చేరింది పందొమ్మిది వందల అరవైలో. మొదటి వారమే ఐలేశం నా కిరాయి గదికి వచ్చి నాలుగు మూలలూ వెతికాడు.

"పొయ్యేది సార్?"

"నేను లింగయ్య హోటల్ల తింట."

"అయితే గిది ఇల్లు గాదు సార్, పండుకునే జాగ. దీనికి నంబరెట్లేస్త?"

 అతను అట్నుంచి అటే లింగయ్య హోటలుకు పోయి, మూడు పొయ్యిలుంటే మూడు నంబర్లు వేసి వచ్చాడు.

మా వీధిలో జానమ్మ కూతురి పెళ్లికి వంటవాళ్లు నేలలో పొడుగ్గా గాడిపొయ్యి తవ్వితే, దాని పక్కన బండ పాతి నంబరు వేశాడు. మగపెళ్లివాళ్లు తమకిస్తున్న ఇంటి నంబరేమో అనుకుని మురిసిపోయారు. నేను హడలిపోయి, "మూడు దినాల పెండ్లికి నంబరెందుకయ్యా?" అంటే, "మూడు దినాలు వెలిగితే మూడు దినాలూ ఇల్లే సార్" అన్నాడు. అలాగని తేరగా ఇచ్చేవాడు కాదు. కమ్మరి దుర్గయ్య ఎంత బతిమాలినా కొలిమికి నంబరు వేయలేదు. "దాని మీద బువ్వ వండుతవా?" అని ఎదురడిగాడు.

ఇంత చురుకైనవాడు మా ఆఫీసు బోర్డు మాత్రం పూర్తి చేయలేకపోయాడు. తెల్ల నూనెరంగు తెప్పించి ఇస్తే "మునిసి" అని రాసి, "రంగు అయిపోయింది సార్" అన్నాడు. మళ్లీ తెప్పించినా "మునిసి" దాటలేదు. కమిషనర్ రామచంద్రం గారు రోజూ ఆ బోర్డు కింద నుంచి పళ్లు కొరుక్కుంటూ లోపలికి పోయేవారు.

సాయంత్రాలు ఐలేశం నంబర్లూ పేర్లూ చెబుతుంటే నేను రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. ఒకరోజు వరసగా ముప్పై ఒక్క పేర్లు చెప్పాడు. అన్నీ ఎక్కించాక అడిగాను.

"గిది ఏ గల్లీ?"

"సంతజాగ సార్."

కలం పక్కన పెట్టేశాను. సంతజాగాలో ఒక్క గోడ కూడా లేదు. రోగమొచ్చి గొర్లన్నీ చచ్చిపోతే ఊళ్లు విడిచి కూలికొచ్చిన వాళ్లు, అక్కడ ఆరుబయటే గోనెపట్టాలు కప్పుకుని ఉండేవారు.

"ఆడ ఇండ్లేడున్నయి?"

"మూడు రాళ్లున్నయి, పొయ్యి వెలుగుతాంది. ఇంకేం గావాలె?"

సిరాతో రాసింది చెరిపితే ఇంకా పెద్ద తప్పు. ఎవరు చూడొచ్చారులే అని రిజిస్టరు మూసేశాను.

అరవై రెండులో ముసురు పట్టి మూడు రోజులు విడవలేదు. మట్టి గోడలు పెళపెళా కూలాయి. ఇళ్లు పోయినవాళ్లకు హైస్కూల్లో చోటిచ్చి గంజి పోయమని జిల్లా నుంచి ఆర్డరు వచ్చింది. అయితే మునిసిపల్ నంబరు ఉన్నవాళ్లకే. ఆఫీసుకు ఎదురుగానే బడి. కమిషనర్ గారు నన్ను రిజిస్టరుతో గుమ్మంలో కూర్చోబెట్టారు.

"నీ నంబరెంత?"

"గోడ మీద ఉండె సార్."

"గోడేది?"

"కూలింది సార్."

నిలబడ్డ గోడల మీద కూడా జాజు వానకు కొట్టుకుపోయింది. ఒక్కరికీ తమ నంబరు గుర్తులేదు. నేను పేర్లు పట్టుకుని పేజీలు తిప్పుతుంటే వరస కదలడం లేదు.

అప్పుడు వచ్చారు సంతజాగా వాళ్లు. ముందు బక్కమ్మ. చంకలో పసిపిల్ల, నెత్తి మీద పొయ్యిరాయి. వెనక ముప్పై కుటుంబాలు, ముప్పై రాళ్లు. ప్రతి రాయి మీదా తెల్లటి నంబరు చెక్కుచెదరకుండా ఉంది. 

"ఏందివి?" అన్నారు కమిషనర్ గారు.

"మా ఇండ్లు సార్," అంది బక్కమ్మ. "పిల్లకు మూడు దినాలసంది జొరం. జర జాగియ్యుండ్రి."

"ఇండ్లు లేనోళ్లకు ఇయ్యమని ఆర్డర్ల లేదమ్మా."

ఐలేశం నా వెనక నుంచి మెల్లగా అన్నాడు. "ఆర్డర్ల నంబరని ఉన్నది సార్. గోడ అని లేదు."

పసిదాని దగ్గు విని నేను పేజీ తీశాను. "మూడు, ఏడు, నలభై ఒకటి బై ఒకటి. బక్కమ్మ." అని చదివాను.

కమిషనర్ గారు రిజిస్టరు చూశారు, రాయి చూశారు. ఆ తెల్లరంగును వేలితో తడిమి, వీధికి అవతల "మునిసి" వైపు తల తిప్పారు. మా ఇద్దరి ఉద్యోగాలూ పోయాయనుకున్నాను.

"రంగు గిక్కడికొచ్చిందా?"

"జాజుకు గోడ గావాలె సార్," అన్నాడు ఐలేశం తల వంచుకుని. "ఆరుబయట ఉండేటోళ్లకు వానకు పోని రంగే ఉండాలె గద."

ఆయన చాలాసేపు పళ్లు కొరికారు. "ముందు పిల్లను లోపటికి తీస్కపోండ్రి," అన్నారు చివరికి. "రాళ్లు కూడ లోపల్నే పెట్టుండ్రి. గంజి కాయనీకి పొయ్యిలు గావాలె."

పొద్దుగూకేముందు నా గదికి పోయి చూస్తే పైకప్పు నేల మీద ఉంది. తడిసిన మూటతో బడికి తిరిగొచ్చాను. గుమ్మంలో ఐలేశం.

"నంబరు సార్?"

నేను మూట దించాను. "నేనయ్యా! రెండేండ్లసంది పక్కపక్కనే పని చేస్తున్నం!"

"ఎరుకే సార్. పొయ్యి లేదు."

లోపల గంజి కలుపుతున్న బక్కమ్మ కేకేసింది. "ఐలన్నా, సారును మా నంబరు మీద రాసుకోరాదూ!"

ఐలేశం సంబరంగా రిజిస్టరు నా ముందుకు తోశాడు. నా పేరు నేనే రాసుకుని, "ఇంటి యజమానితో సంబంధం" అన్న గడి దగ్గర ఆగిపోయాను. అంతలో బక్కమ్మ పొగలు కక్కే గంజి ముంత తెచ్చి నా చేతిలో పెట్టింది. ఐలేశం ముంతను చూశాడు, గడిని చూశాడు.

"తమ్ముడు అని రాసుకో సార్," అన్నాడు.