నిమ్మకాయ పిండిన సులైమానీ

పాలు లేని టీ మరుగుతున్న వాసన ముక్కుకు తగిలితే చాలు, దోహాలో నేను పనిచేసే ల్యాబూ దాని పక్క క్యాంటీనూ మాయమై, ఇదే ఊరి అల్ మన్సూరా పేటలో ఒకప్పుడు మేమున్న ఇరుకు ఫ్లాటు, కిటికీలో గొణిగే ఏసీ, వేసవిలో కుళాయి తిప్పగానే పొగలు కక్కే నీళ్లు, పొయ్యి దగ్గర లుంగీ ఎగ్గట్టి నిలబడ్డ నాన్న, అన్నీ కట్టకట్టుకొని వచ్చేస్తాయి.

నాన్నది కాకినాడ. ఇక్కడ సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటులో, ల్యాబ్‌లో డ్యూటీ. రోజూ ఫ్లాస్కు నిండా ఆ పాలు లేని టీ, ఇక్కడివాళ్లు సులైమానీ అంటారు, కాచి నిమ్మకాయ పిండుకొని పట్టుకెళ్లేవారు. గ్లాసు కిటికీ వెలుగుకి ఎత్తి రంగు చూసుకోనిదే గుటక వేసేవారు కాదు. "రంగంటే ఏంటనుకున్నావే? టీ వెలుతురులో కొంత మింగేసి మిగతాది మనకొదిలేస్తది. ఎంత మింగిందో కొలిస్తే ఎంత కలిసిందో తెలిసిపోద్ది" అనేవారు.

ఆ మాట పట్టుకొనే ఎనిమిదో తరగతిలో స్కూలు ఎగ్జిబిషన్‌కి నా పెట్టె తయారుచేశాను. లోపలంతా నల్లరంగు పూసిన చెప్పుల అట్టపెట్టె, ఒక పక్క టార్చి, ఎదురుగా వెలుతురు కొలిచే మీటరు, నడుమ అమ్మ ఖాళీ చేసిన చదరపు అత్తరు సీసా. సీసా మారిస్తే వెలుతురు దాటాల్సిన దూరమూ మారుతుందని ఎప్పుడూ అదే సీసా. వేలిముద్ర పడినా వెలుతురుకు అడ్డమేనని అమ్మ చున్నీతో తుడిచిందే తుడవడం. ముందు ఉత్త నీళ్లు పోసి సున్నా పెట్టుకొని, తర్వాతే టీ. పలచనివీ చిక్కనివీ కొలిచి, నాన్న నేర్పిన లెక్క కట్టి గ్రాఫు మీద గీత గీస్తే, అబ్బ, ఎంత తిన్నగా వచ్చిందో! ఆ వారమంతా ఇల్లు అత్తరూ టీ కలిసిన వాసనే.

ఎగ్జిబిషన్ రోజున నాన్నే నేను చెప్పిన కొలతకే టీ కాచి తెచ్చారు. బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన సారు ముందు కొలిస్తే, టీ మింగిన వెలుతురు లెక్క నా గీతకు బాగా కిందికి దిగిపోయింది. మళ్లీ తుడిచాను, మళ్లీ సున్నా పెట్టాను, అదే వరస.

"పెట్టె పని చెయ్యట్లేదమ్మా" అంటూ ఆయన పక్క బల్లకు కదలబోయారు. కష్టమంతా గంగలో కలిసిపోతోందని ఒళ్లు మండింది.

"పెట్టె కరెక్టే సార్! టీయే తేడా. అందులో ఏదో కలిసింది!"

అందరూ నవ్వారు, నాన్న తప్ప. ఆయన ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి నెత్తి కొట్టుకున్నారు. "ఓర్నాయనో! అలవాటు కొద్దీ నిమ్మకాయ పిండేశానే!"

పులుపు తగిలితే టీ రంగు తేలిపోతుంది. సారు నమ్మలేదు, క్యాంటీన్ నుంచి వేరే టీ తెప్పించి, కొలిపించి, అదే సీసాలో నిమ్మచెక్క పిండమన్నారు. పిండగానే ఇంకాస్త వెలుతురు దాటి, మీటరు ముల్లు అందరి కళ్లముందూ పైకి లేచింది. మొదటి బహుమతి నాకే. ఆ తర్వాత మన్సూరాలో కనబడ్డ ప్రతివాళ్లనూ ఆపి, "మా అమ్మాయి పెట్టె నన్నే పట్టేసిందండీ!" అని నాన్న ఛాతీ విరుచుకొని చెప్పుకున్నారు. నాకైతే బహుమతి కంటే అదే గొప్ప.

మేమున్న ఆ బిల్డింగ్ కూల్చేశారు. అత్తరు సీసా ఇళ్లు మారడంలో ఎక్కడో పోయింది. ఇప్పుడు నా ల్యాబ్‌లో మీట నొక్కితే యంత్రమే అంకె చెబుతుంది. నాన్న లేరు. సాయంత్రం డ్యూటీ దిగాక సులైమానీలో నిమ్మచెక్క పిండి, గ్లాసు కిటికీ వెలుగుకి ఎత్తుతాను. రంగు మెల్లగా తేలిపోతుంది. "పట్టేశాను నాన్నా" అంటాను, పైకే.