తలకిందుల కెమెరా

2023 వేసవి. విజయవాడ గవర్నర్‌పేటలో మెట్ల కింద ఇరుకు గది మా దుకాణం. కెమెరాలు బాగుచేస్తాం, వాటికి కావలసిన సరంజామా అమ్ముతాం. ‘మా’ అంటే నేనూ, నా త్రీడీ ప్రింటరూ. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, కొలతలు తీయడం తప్ప మరో సరదా లేని నాకు ఈ పని బాగానే అతికింది.

వీధుల్లో ఫొటోలు తీసే సరదా ఉన్నవాళ్లు కాంపాక్ట్ కెమెరా, అంటే జేబులో పట్టేంత చిన్నది, కొనుక్కుంటారు. అది జేబుకు కుదిరినంతగా చేతికి కుదరదు. అప్పుడు నా దగ్గరికి వస్తారు. నేను నాలుగు వస్తువులు బల్ల మీద పెడతాను. థంబ్ గ్రిప్: కెమెరా వెనక బొటనవేలు ఆనించుకోవడానికి చిన్న కొక్కెం. సాఫ్ట్ రిలీజ్: షటర్ బటన్‌లో మరతో బిగించే గుండీ, వేలు నొప్పి పుట్టదు. రిస్ట్ స్ట్రాప్: మణికట్టుకు తగిలించుకునే పట్టీ. నాలుగోది నల్ల టేపు. మెరిసే అక్షరాల మీద అంటిస్తే కెమెరా ఎవరి కంటా పడదు. కంటపడకపోవడమే వీధి ఫొటోకు ప్రాణమని అప్పట్లో వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

ఆ మే నెలలో ఒకాయన, ఆయన భార్య వచ్చారు. ఏసురత్నం గారు, కరుణ గారు. ఆయన ఎడమచేత్తో కెమెరా తీసి బల్ల మీద పెట్టారు. కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది.

“అమ్మేయాలి బాబూ. ఎంతొస్తుంది?”

“అమ్మడానికి కాదండీ,” అన్నారు కరుణ గారు నాతో. “ఈయన వాడుకునేలా ఏదైనా చేస్తారేమోనని తీసుకొచ్చాను.”

“కెమెరాకేం కాలేదు కరుణా. పాడైంది చెయ్యి. అది ఈ షాపులో దొరకదు.”

వన్‌టౌన్‌లో స్క్రీన్ ప్రింటింగ్ చేసినన్నాళ్లూ ఆయన పొద్దున్నే కాలువ గట్టు మీద, మార్కెట్ సందుల్లో మూటలు దించేవాళ్లనీ పూలు కట్టేవాళ్లనీ ఫొటోలు తీసేవారట. పక్షవాతం వచ్చాక కాలు కోలుకుంది, కుడిచెయ్యి కోలుకోలేదు.

“ఎవరు కనపడినా ‘చెయ్యెలా ఉంది’ అంటారని గేటు దాటట్లేదండీ,” అన్నారావిడ. “ఇది కూడా అమ్మేస్తే ఇక దాటాల్సిన పనే ఉండదు.”

ఏ కెమెరాకైనా షటర్ బటన్ కుడివైపే ఉంటుంది. నాకు తోచిన మార్గం ఒకటే: అడుగున ఎడమచేతికి ఒక పిడి, ఆ పిడి మీద బటన్, అక్కణ్ణుంచి షటర్‌కు ఒక కేబుల్. కొలిచి, గీసి, ప్రింట్ చేసి బిగించాను. కొలతలన్నీ సరిగ్గా వచ్చాయి. వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు గర్వంగానే చేతికిచ్చాను.

“పిస్తోలులా ఉంది బాబూ,” అన్నారాయన.

గుమ్మంలో నిలబడి ఎదుటి టీ కొట్టు వైపు గురిపెట్టారు. టీ కలుపుతున్న శీను గిన్నె దించేసి, బల్ల సర్ది, చొక్కా గుండీలు పెట్టుకుని అరిచాడు: “ఎందుకండీ తీస్తున్నారు? మున్సిపాలిటీవాళ్లా?”

ఏసురత్నం గారు లోపలికి వచ్చేశారు. “వద్దులే బాబూ. రేటు చెప్పు.”

పిడి విప్పడానికి కెమెరాను రబ్బరు మ్యాట్ మీద బోర్లించాను. ఆఫ్ చేయడం మరిచాను. కుడిచేత్తో స్క్రూడ్రైవర్, ఎడమచేత్తో కెమెరా. పిడి ఊడగానే కెమెరాను అలాగే పైకెత్తేసరికి క్లిక్‌మంది. నా ఎడమ బొటనవేలు షటర్ మీద పడింది. తలకిందులైన కెమెరాకు షటర్ ఎడమవైపు, అడుగున ఉంది. తెర మీద మా దుకాణం మాత్రం నిటారుగానే కనిపిస్తోంది. కెమెరా తిరిగితే లోపలి సెన్సర్ తిరుగుతుంది, వెనక తెరా తిరుగుతుంది, ఒకదానికొకటి చెల్లు. తీసిన ఫొటోను తర్వాత కంప్యూటర్‌లో ఒకసారి తిప్పుకుంటే చాలు.

ఆయనకు చూపించాను. పట్టుకున్నారు, నొక్కారు, తేలిగ్గా పడింది. అయినా మొహం ముడిచారు.

“తలకిందులుగానా? చెయ్యి పోయిందని జాలిపడేవాళ్లు చాలరా? మతి కూడా పోయిందనుకోవాలా?”

“అనుకుంటే అనుకోనీయండి,” అన్నారు కరుణ గారు. “ఇంట్లో నేను ముప్ఫై ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.”

ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వునే ఆర్డరుగా రాసుకున్నాను.

కెమెరా అడుగున స్టాండుకు బిగించే ట్రైపాడ్ స్క్రూ రంధ్రం ఇప్పుడు పైకి వచ్చింది కాబట్టి అందులో ఒక చిన్న ప్లేటు బిగించాను. మొదటి ప్లేటు బ్యాటరీ మూతకు అడ్డొచ్చింది. రెండోది మూల కోసి చేశాను. ప్లేటు నుంచి, పట్టీ తగిలించడానికి కెమెరాకుండే రింగుల్లో కిందికొచ్చినదాని దాకా, ఎడమచేతి వీపు మీదుగా ఒక హ్యాండ్ స్ట్రాప్. వేళ్లు వదిలినా కెమెరా చేతినే అంటిపెట్టుకుని ఉంటుంది. బొటనవేలికి సరిపడేలా వెడల్పాటి సాఫ్ట్ రిలీజ్. థంబ్ గ్రిప్ అవసరం లేదు. మన ఎండకు తోలు పట్టీ చెమటకు అతుక్కుపోతుందని, కరుణ గారు పాత మంగళగిరి చీర ముక్కతో దానికి అస్తరు కుట్టి తెచ్చారు. పనితనంలో నా ప్లేటు కన్నా ఆ కుట్టే మెరుగు.

పరీక్షించడానికి ముగ్గురం వీధి మలుపు దాకా వెళ్లాం. మల్లెపూలు కడుతున్నామె ఆయన్ని చూసి చేతిలో దండ ఆపేసింది.

“అయ్యో బాబాయ్ గారూ, తిరగేసి పట్టుకున్నారు! ఇటివ్వండి, నే సరిచేస్తా!”

“ఇలాగే పనిచేస్తుందమ్మా. చూడు కావాలంటే.”

“ఏదీ!” అని ఆమె ముందుకు వంగింది, పూలున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ. క్లిక్. గోల విని శీను కూడా వచ్చాడు. ఈసారి చొక్కా గుండీల సంగతి పట్టించుకోలేదు. “నాదొకటి తీయండి మాస్టారూ. తిరగేసే తీయాలి, మామూలుగా వద్దు!”

నెల తర్వాత ఆయన ఒక్కరే వచ్చారు. వన్‌టౌన్ నుంచి నడిచే వచ్చానన్నారు. సాఫ్ట్ రిలీజ్ ఎక్కడో పడిపోయిందట. కొత్తది బిగించి, అలవాటు కొద్దీ మెరిసే అక్షరాల మీద టేపు అంటించబోయాను. ఆయన కెమెరా వెనక్కి లాక్కున్నారు.

“టేపెందుకయ్యా? చూడనీ. ఇప్పుడు దార్లో ఎవరూ చెయ్యెలా ఉందని అడగట్లేదు. కెమెరాకేమైందని అడుగుతున్నారు.”

ఈ వృత్తిలో నేను కొలతలు తీసేది చేతికీ కెమెరాకూ మధ్య. వీధిలో ఆ మనిషికి ఎదురయ్యే మాట కూడా కొలవాల్సిందేనని ఆయన దగ్గర నేర్చుకున్నాను. నల్ల టేపు ఇప్పటికీ అమ్ముతున్నాను. కాకపోతే అడిగినవాళ్లకే.